తానాల తలుపు

యూసుఫ్ సేఠు ఇల్లు కొనేముందు
కొలతలు తియ్యడు, కాయితాలు అడగడు.
ముహర్రఖ్ సందుల్ల ముక్కు మూసుకొని నడిచి
తలుపు పగిలిన ఇల్లు చూసి ఆగుతడు,
లోపటికి పోయి
గోడ మీద నాలిక పెడుతడు.

"ఉప్పు" అంటడు, పెండ్లి బువ్వ మెచ్చుకున్నట్టు.
"మస్తు ఉప్పున్నది దుర్గేశం. ధర దిగుతది."

నేను మేస్త్రిని.
ఈసారి దినాం కూలి కాదు, వంతు:
అమ్ముడువోయినంక నూటికి రెండు.
నోటిమాటే. ఉప్పు తిన్న నోటిమాట.

ఈ ఇంట్ల నేను ఆరేండ్లు పన్ననని చెప్పలే.
వాన పడితే ఏ మూల కారుతదో,
ఏ దూలం లోపట డొల్లనో,
మెట్ల కింది గోడ ఎందుకు ఎన్నడూ ఆరదో
ఒక్కొక్కటి వేలు పెట్టి చూపిన.
అమ్మే ముసలాయన మొఖం వాడిపోయింది,
నాలుగు వేల దినార్లు దిగొచ్చిండు.
"చూడకుండనే ఎట్ల చెప్తివి?" అన్నడు సేఠు.
"మేస్త్రిని గద" అన్న.
నా మీద కారిన నీళ్లే
నా పెట్టుబడి.

మొదటి వారమంతా తీసుడే.
ప్లైవుడ్ అడ్డాలు, ఇనుప మంచాలు పదహారు,
కిందొకరు మీదొకరు,
ఏసీల కోసం పొడిచిన బొక్కలు,
నూనె మసి, ఎనిమిది పొరల రంగు.
పచ్చ పొర వచ్చినకాడ చెయ్యి ఆగింది.
అది మా కాలం.
గీకిన.

అడుగున సముద్రపు రాయి,
తేనెపట్టు లెక్క బొక్కలు బొక్కలు.
దానికి సిమెంటు పడదు, ఊపిరాడక పొక్కుతది.
సున్నమే గావాలె.
మా మామ గానుగకాడ నేర్పిన పాలు యాదికొచ్చినయి:
బెల్లం నీళ్లు, నానిన కరక్కాయ.
మనామాల మలయాళపాయన మందుల దుకాణంల
మూడు కిలోల కరక్కాయ అడిగితే
"ఎవరికి కడుపుల బాగలేదు?" అన్నడు.
"ఇంటికి" అన్న.

రీమ్ మేడం నక్ష గీసేటామె.
మెట్ల పక్క పెద్ద పగులు పూడ్వబోతుంటే
ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.
"ఇది ఉండనీ. అద్దం పెట్టు. లోపట దీపం పెట్టు."
ఇరువై రెండేండ్లు పగుళ్లు పూడ్చి బతికినోన్ని,
మొదటిసారి ఒకదాన్ని
పసిగుడ్డును సాదినట్టు సాదిన.
అండ్ల మేము సబ్బుముక్కలు దాచుకునేటోళ్లమని
ఆమెకు చెప్తే
అద్దం మీద అది గూడ రాయిస్తుండెనేమో.
చెప్పలే.

కువైట్ నుంచి వచ్చిన జంట కొన్నరు.
కింద కాఫీ దుకాణం, పైన అర్రలు,
ఒక్క రాత్రికి డెబ్బై దినార్లట.
మాకు మంచం నెలకు పదకొండు.
"ఇంతకుముందు ఎవరుంటుండె?" అడిగిందామె.
"ముత్యాల షావుకారి" అన్నడు సేఠు.
అబద్ధం కాదు.
షావుకారి పోయినంక గుడ్ల గోదాము,
గుడ్ల తర్వాత మేము, ముప్పై ఇద్దరం.
అంత పొడుగు కథ ఎవరు వింటరు,
కాఫీ చల్లారిపోతది.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నరు.
అమ్మి చూడు అనలే ఎవ్వరు.
నూటికి రెండు అన్నది నూటికి ఒకటైంది.
"మిగిలింది వచ్చే ఇంట్ల కలుపుత" అన్నడు.
అప్పుడు నోట్ల ఉప్పు లేదు,
ఖర్జూరం ఉండె.

చెత్త లారీల పడేసినయన్ల ఒక్కటి దించుకున్న:
తానాల అర్ర రేకు తలుపు.
దాని మీద ఎర్ర రంగుతోటి వంతులు,
మా నర్సాగౌడ్ చేతిరాత.
గంగాధరి మూడున్నర,
మల్కయ్య మూడూ నలభై,
మదార్ మూడూ యాభై,
దుర్గేశం నాలుగు.
దాని కింద ఎవడో బొగ్గుతోటి:
పాట పాడేటోనికి అయిదు నిమిషాలే.

ఇప్పుడు అయిదో సందుల ఇంకో ఇల్లు.
సేఠు గోడ నాకిండు, నవ్విండు.
నేను రేకు తలుపు బోర్ల ఏసి
దాని వీపు మీద సున్నం కుప్ప పోసిన.
"చాచా, అటుదిక్కే నున్నగుంది, తిప్పి ఏద్దామా?"
అన్నడు సిల్హెట్ పిల్లగాడు.
"వద్దు బిడ్డా" అన్న.
"అటు తానాలు చేస్తున్నరు."